పోస్టర్ మీద త్రీ నాట్ త్రీ ఎందుకు వద్దన్నానంటే

పోస్టు కొంచెం పెద్దది. మెస్ క్యూలో నిలబడి చదివేది కాదు, తీరిక చూసుకుని చదవండి.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మనం వేయించబోయే ఫ్లెక్సీ డిజైన్ అందరూ చూశారు. మధ్యలో అల్లూరి సీతారామరాజు గారు, ఆయన భుజానికి త్రీ నాట్ త్రీ రైఫిల్. వెనకాల నలుగురు ఆదివాసులు విల్లులు ఎత్తి నిలబడ్డారు, మొహాలు సరిగ్గా కనపడవు. నేను ఆ రైఫిల్ తీసేయమన్నాను. దానికి రెండు జవాబులొచ్చాయి. ఒక అన్న, "చేపల చెరువుల కాడ పుట్టినోడివి, మన్యం సంగతి నీకేం తెలుసు తమ్ముడూ" అన్నాడు. ఇంకో అన్న, "జనవరి 26న నువ్వే కదా రైఫిల్ భుజాన పెట్టుకుని ఫొటో పెట్టావు, ఇప్పుడేంటి శాంతి వచనాలు" అన్నాడు. రెండోది గట్టిగానే తగిలింది. నిజమే, పెట్టాను. మూడొందల లైకులొచ్చాయి కూడా.

అందుకే రెండిటికీ కలిపి జవాబు రాస్తున్నా.

ముందు ఆ ఫొటో సంగతి. మా కాలేజీ ఎన్.సి.సి.లో పెరేడ్‌కి ఇచ్చేది డి.పి. రైఫిల్. డి.పి. అంటే డ్రిల్ పర్పస్. కాల్చడానికి కాదు, కవాతుకి మాత్రమే. లోపల ఫైరింగ్ పిన్ ఉండదు, బారెల్‌కి బెజ్జం పెట్టేసి ఉంటుంది. కోరలు పీకిన పాము లాంటిది. కాల్చడం నేర్పేటప్పుడు ఇచ్చేది వేరే, పాయింట్ టూ టూ. అయినా "బాజూ శస్త్ర్" అనగానే ఆ కొయ్యని భుజానికి ఆనించినప్పుడు ఒళ్ళు పులకరించలేదని అబద్ధం చెప్పను. దాదాపు 4 కిలోలుంటుంది. నందివాడ మండలంలో చేపల మేత బస్తాలు మోసినోళ్ళకి 4 కిలోలు ఒక లెక్కా అనుకుంటారు. గంటసేపు కదలకుండా పట్టుకుంటే తెలుస్తుంది.

నా చేతికొచ్చిన రైఫిల్‌కి చెక్క పిడికీ ఇనుప బాడీకీ మధ్య మెడలాంటి చోట కొన్ని అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఒక కిరీటం. దాని కింద జి.ఆర్.ఐ. దాని కింద ఇషాపూర్, 1942, నెంబర్ 1 మార్క్ 3 స్టార్. జి.ఆర్.ఐ. అంటే లాటిన్‌లో జార్జి, రాజు, చక్రవర్తి అని అర్థమట. ఇషాపూర్ బెంగాల్లో హుగ్లీ ఒడ్డున ఉన్న రైఫిల్ ఫ్యాక్టరీ. అంటే ఇది ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చిన తుపాకి కాదు. క్విట్ ఇండియా జరిగిన సంవత్సరంలో మనోళ్ళ చేతులతో, మన దేశంలో, తెల్ల రాజు పేరు మీద తయారైంది. ఆ రోజు నుంచే దీని చరిత్ర తవ్వడం మొదలెట్టాను. లైబ్రరీలో దొరికింది చదివాను, మాకు నేర్పిన హవల్దార్ గారిని విసిగించాను.

ఇది ఎలా పనిచేస్తుందో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. హాస్టల్ బాత్రూం తలుపుకి గడియ ఉంటుంది చూడండి. పిడి పైకెత్తి, వెనక్కి లాగి, మళ్ళీ ముందుకి తోసి, కిందికి వాలిస్తే గట్టిగా పడుతుంది. బోల్ట్ యాక్షన్ అంటే అదే. బోల్ట్ అంటేనే గడియ. పిడి ఎత్తి వెనక్కి లాగినప్పుడు కాలిన తూటా తొడుగు బయటికి ఎగిరిపడుతుంది. కింద మ్యాగజైన్ పెట్టెలో ఉన్న స్ప్రింగు తర్వాతి తూటాని పైకి తోస్తుంది. గడియ ముందుకి తోస్తే ఆ తూటా బారెల్ మొదట్లోకి వెళ్తుంది. పిడి వాలిస్తే తలుపు పడ్డట్టే. ట్రిగ్గర్ నొక్కినప్పుడు లోపల పేలుడు ఎంత గట్టిగా వెనక్కి తన్నినా గడియ ఊడదు. గడియకి చెవుల్లాంటి ముక్కలు రెండు ఉంటాయి, అవి బాడీలోని గాడిలో కూర్చుని ఆపుతాయి.

జర్మనీ వాళ్ళ మౌజర్ రైఫిల్లో ఆ చెవులు ముందు వైపు, తూటా పక్కనే ఉంటాయి. గట్టిదనం ఎక్కువ. మన త్రీ నాట్ త్రీలో వెనక వైపు ఉంటాయి. అందువల్ల కొంచెం గట్టిదనం పోయినా, గడియ లాగాల్సిన దూరం తగ్గింది. మౌజర్ పిడి 90 డిగ్రీలు ఎత్తాలి, దీనికి 60 చాలు. కళ్ళు గురి మీంచి తీయకుండానే లాగి తోయొచ్చు. మౌజర్ మ్యాగజైన్‌లో 5 తూటాలు పడితే దీంట్లో 10. అయిదేసి తూటాలు గుచ్చిన క్లిప్పులు రెండు పైనుంచి నొక్కితే నిండిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఇంగ్లీషు సైనికుడికి నిమిషానికి 15 గుండ్లు గురి చూసి కాల్చేలా తర్ఫీదు ఇచ్చారు. ఆ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత దానితో పని ఉంది.

దీన్ని కనిపెట్టింది జేమ్స్ పారిస్ లీ అనే ఆయన. 1831లో స్కాట్లాండ్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో పనిచేశాడు. వాళ్ళ నాన్న గడియారాలు బాగు చేసేవాడట. గడియారాలాయన కొడుకు గడియ తుపాకి చేశాడన్నమాట (ఇది నా జోకే, క్షమించండి). తుపాకి కింద పెట్టెలా తగిలించే మ్యాగజైన్‌కి ఆయన అమెరికాలో పేటెంటు తీసుకున్నది 1879లో. బ్రిటిష్ సైన్యం 1888లో లీ-మెట్‌ఫర్డ్ పేరుతో తీసుకుంది. పొగరాని కొత్త మందు, కార్డైట్ వచ్చాక మెట్‌ఫర్డ్ గాడులు త్వరగా అరిగిపోయాయని 1895లో బారెల్ మార్చి లీ-ఎన్‌ఫీల్డ్ అన్నారు. ఎన్‌ఫీల్డ్ అనేది లండన్ పక్కనున్న ఫ్యాక్టరీ ఊరి పేరు. 1907లో మార్క్ 3 వచ్చింది. బారెల్ లోపలి వెడల్పు .303 అంగుళం కాబట్టి త్రీ నాట్ త్రీ. దీన్ని మోసుకుని మన సిపాయిలు మొదటి యుద్ధంలో ఫ్రాన్సుకి, మెసపటేమియాకి వెళ్ళారు. 1962 చైనా యుద్ధం తర్వాత కూడా ఇషాపూర్‌లో ఇదే గడియ పెట్టి 7.62 తూటాకి సరిపోయేలా 2ఎ అనే రైఫిల్ చేశారు. 2008లో ముంబై సి.ఎస్.టి. స్టేషన్లో దాడి జరిగినప్పుడు ఎ.కె. 47లకి ఎదురు నిలబడిన రైల్వే పోలీసుల చేతిలో ఉన్నదీ ఇదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి వీడ్కోలు చెప్పింది 2020 జనవరి 26న. మిషన్‌గా చూస్తే గొప్ప మిషనే. దాన్ని నేను కాదనడం లేదు.

ఇక అసలు సంగతి.

పైన 1879 అన్నాను కదా. అదే 1879 మార్చిలో మన రంపలో పితూరీ లేచింది. కల్లు చెట్ల మీద పన్ను, అటవీ ఆంక్షలు, కోర్టుల పేరు చెప్పి భూములు రాయించుకునే సావుకార్లు. తమ్మన్నదొర, ద్వారబందాల చంద్రయ్య లాంటి వాళ్ళు నడిపారు. దానికి ఒక్క ఏడాది ముందే, 1878లో, ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా భారతీయుడు తుపాకి పెట్టుకోకూడదు. తెల్లవాళ్ళకి ఆ బాధ లేదు. అక్కడ అమెరికాలో ఒకాయన గుండ్ల పెట్టెకి పేటెంటు రాయిస్తున్నాడు, ఇక్కడ మనోళ్ళు కొండ మీద విల్లులతో, నాటు తుపాకులతో ఉన్నారు. ఈ తేడా దానంతట అది వచ్చింది కాదు, కాయితం మీద రాసి తెచ్చింది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 1857లో సిపాయిలు తిరగబడింది ఎన్‌ఫీల్డ్ తూటా కొవ్వు గొడవతోనే అని మనం తొమ్మిదో తరగతిలో చదువుకున్నాం. ఆ తర్వాత ఏం చేశారో మాత్రం మన పుస్తకంలో లేదు. బారెల్ లోపల మెలి తిరిగిన గాడులు ఉంటేనే గుండు గిరగిరా తిరుగుతూ దూరం పోతుంది, గురి తప్పదు. 1857 తర్వాత సిపాయిల కోసం 1858 మోడల్ అని ఒక తుపాకి చేశారు. చూడ్డానికి అచ్చం ఎన్‌ఫీల్డే. లోపల గాడులు లేవు, నున్నగా ఉంటుంది. అంటే దూరం పోదు. పక్కన నిలబడిన తెల్ల సైనికుడి తుపాకి మాత్రం దూరం పోతుంది. సిపాయి మళ్ళీ తిరగబడితే తెల్లవాడిది పైచేయి ఉండాలి, అదీ లెక్క.

త్రీ నాట్ త్రీలోనూ ఈ లెక్క ఉంది. మొదట్లో వచ్చిన వాటిల్లో మ్యాగజైన్ పైన ఒక రేకు ఉండేది, కట్-ఆఫ్ అంటారు. దాన్ని లోపలికి తోస్తే పెట్టెలోని పది తూటాలు పైకి రావు, ఒక్కొక్కటి చేత్తో పెట్టి కాల్చుకోవాలి. సైనికుడు కంగారులో తూటాలన్నీ వృథా చేస్తాడని పై ఆఫీసర్ల భయం. ఇది తెల్ల సైనికుడి విషయంలోనే. మార్క్ 3 స్టార్ వచ్చేసరికి, 1916లో, ఆ రేకు తీసేశారు. మనోళ్ళ విషయంలో ఇంకో అడుగు వేశారు. ఇషాపూర్‌లో త్రీ నాట్ త్రీనే తీసుకుని, బారెల్ లోపల గాడులు లేకుండా చేసి, .410 బోరు మస్కెట్‌గా మార్చారు. మ్యాగజైన్ ఉండాల్సిన చోట చెక్క ముక్క పెట్టి మూసేశారు. ఒక్కో గుండు పెట్టుకుని కాల్చాలి. మామూలు పోలీసులకి, జైలు కాపలా వాళ్ళకి ఇవి. బయటికి చూస్తే అదే రైఫిల్. లోపల పది గుండ్ల పెట్టె బదులు కొయ్య దుంగ. ఈ సంగతి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనల్ని కాలేజీలో చేర్చుకున్నాక కొన్ని క్లాసుల్లో జరిగేది గుర్తొచ్చింది. ఆ సంగతి వేరే పోస్టులో.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, మన గ్రూపులో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సింది. 1895లో వాయవ్య సరిహద్దున, ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న చిత్రాల్‌లో, బ్రిటిష్ సైన్యం కొండ తెగల మీదికి వెళ్ళింది. చేతిలో ఈ కొత్త .303. గుండు సన్నం, పైన గట్టి లోహపు తొడుగు, వేగం ఎక్కువ. మనిషి ఒంట్లోంచి సూటిగా దూరి బయటికి పోయేది. గుండు తగిలినా ఆ కొండ మనుషులు ఆగకుండా మీదికొస్తున్నారని ఫిర్యాదులు వెళ్ళాయి. దానికి కలకత్తా పక్కన దమ్‌దమ్ ఆయుధ కర్మాగారంలో కెప్టెన్ బర్టీ-క్లే అనే ఆఫీసరు ఒక ఉపాయం చేశాడు. గుండు కొనమీద తొడుగు తీసేసి లోపలి సీసం బయటికి కనపడేలా వదిలేశాడు. ఒంట్లో దిగగానే కొన చితికి పువ్వులా విచ్చుకుంటుంది. దూరినప్పుడు చిన్న బెజ్జం, లోపల పెద్ద గాయం. దమ్‌దమ్ బుల్లెట్ అనే పేరు ప్రపంచమంతా తెలిసింది అలా. ఈరోజు కలకత్తా ఎయిర్‌పోర్టు ఉన్నది ఆ దమ్‌దమ్‌లోనే.

1899లో హేగ్ నగరంలో దేశాలు కూర్చుని ఇలాంటి విచ్చుకునే గుండ్లు వాడకూడదని తీర్మానం చేశాయి. ఒప్పుకోని వాళ్ళలో బ్రిటన్ ఒకటి. వాళ్ళ ప్రతినిధి సర్ జాన్ ఆర్డా చెప్పిన వాదన సారం ఏంటంటే, నాగరిక సైనికుడు చిన్న గుండు తగిలితే ఆగిపోతాడు, అనాగరికుడు ఆగడు, రెండు మూడు తగిలినా మీదికొస్తాడు, అందుకని వాడికి వేరే గుండు కావాలి అని. బ్రిటన్ ఆ తీర్మానానికి ఒప్పుకున్నది 1907లో.

అంటే అన్నలారా, ఈ తుపాకికి రెండు రకాల గుండ్లు ఆలోచించారు. ఒకటి మనుషులకి, ఇంకోటి మనలాంటోళ్ళకి. చిత్రాల్ వాళ్ళు మన బంధువులు కాదు, వాళ్ళ భాష మనకి రాదు. కానీ ఆ గుండు తయారు చేసినవాడు "తెగ", "కొండవాడు" అనే మాటలు అనుకుంటూ చేశాడు. ఆ మాటల్లో మనమూ ఉన్నాం.

ఇక మన్యం. తెలియదన్న అన్న కోసం తెలిసినంత చెప్తాను, తప్పుంటే ఏజెన్సీ మిత్రులు సరిచేయండి.

1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు కష్టమైపోయింది. గూడెం ప్రాంతంలో రోడ్లు వేయించడానికి ఆదివాసుల చేత పని చేయించి కూలి సరిగా ఇవ్వలేదు. అక్కడి డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు ఇప్పటికీ తిట్టులా వాడతారని విన్నాను. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. దొరికినవి 26 పోలీసు కార్బైన్లు, అంటే పొట్టి తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు. ఏమేం తీసుకెళ్ళారో స్టేషన్ పుస్తకంలో రాసి సీతారామరాజు గారు సంతకం పెట్టారని చెప్తారు. ఈ సంగతి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు ఆ లెక్క తీయండి. 2,500 తూటాల్ని 26 తుపాకులకి పంచితే ఒక్కోదానికి 96 వస్తాయి. బ్రిటిష్ సైనికుడు త్రీ నాట్ త్రీతో నిమిషానికి 15 కాల్చే వేగంతో కాలిస్తే ఆరున్నర నిమిషాల్లో ఖాళీ. ఆ మనుషులు ఆగస్టు 1922 నుంచి మే 1924 దాకా, దాదాపు రెండేళ్ళు నిలబడ్డారు. ఎలా? నా ఉద్దేశంలో మన పోస్టర్ అడగాల్సిన ప్రశ్న ఇదే. తుపాకి దొరకబుచ్చుకోవచ్చు, తూటా మాత్రం ఫ్యాక్టరీలోనే పుడుతుంది. ఇత్తడి తొడుగు, కార్డైట్, లోహపు కవచం, ఇవన్నీ వాళ్ళ ఫ్యాక్టరీల్లోనే తయారవ్వాలి. విల్లుకి వెదురు కొండ మీదే ఉంది. నాటు తుపాకికి మందు మనోళ్ళే దంచుకోగలరు. కొత్త తుపాకి ఎంత బాగా పనిచేస్తే అంత త్వరగా ఆకలేస్తుంది దానికి, మేత మాత్రం శత్రువు కొట్లో ఉంటుంది. చేపల చెరువు లీజుకి తీసుకుని మేత కంపెనీకి బాకీ పడ్డ వాళ్ళని చూసినోళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

"ఆర్ఆర్ఆర్" సినిమాలో హీరో ఊరి నిండా తుపాకులు పంచాలనుకుంటాడు, అందరం ఈలలేశాం, నేనూ వేశాను. తూటాలెక్కడివో సినిమాలో ఎవరూ అడగరు.

నిజంగా జరిగిందేంటంటే, వాళ్ళు పొదుపుగా కాల్చారు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పొంచి ఉండి, ముందు నడుస్తున్న మన దేశపు కానిస్టేబుళ్ళని పోనిచ్చి, వెనక వచ్చిన ఇంగ్లీషు ఆఫీసర్లు స్కాట్ కవర్డ్, హైటర్ ఇద్దర్నీ కాల్చారు. వాళ్ళ సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఎవర్ని కాల్చాలో, ఎవర్ని వదలాలో తెలిసి చేసిన పని అది. దారులు తెలియడం, ఊళ్ళు అన్నం పెట్టడం, ముఠాదారులు కబురు మోయడం, వాళ్ళ బలం అక్కడుంది. తర్వాత మలబార్ స్పెషల్ పోలీసులొచ్చారు, 1924లో అస్సాం రైఫిల్స్ వచ్చారు. అస్సాం రైఫిల్స్ జవాన్లు కూడా చాలామంది కొండ ప్రాంతాల వాళ్ళే, ఇది చదివినప్పుడు మనసు చివుక్కుమంది. 1924 మే 7న రాజు గారిని పట్టుకుని కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చేశారు. జూన్‌లో గాం గంటందొర పోయాడు.

తుపాకులు లేకుండా ఆ పోరాటం జరిగుండేదని నేను అనడం లేదు. విల్లంబులతోనే గెలిచేవాళ్ళం అనే వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. విల్లు పట్టుకున్న బొమ్మ వేస్తే బయటి వాళ్ళకి భలే ఇష్టం, మనం ఎప్పటికీ అడవిలోనే ఉన్నట్టు ఉంటుంది. మనోళ్ళు 26 తుపాకుల్ని ఎలా తీసుకోవాలో, ఎలా వాడాలో తెలిసిన వాళ్ళు. డిజైన్‌లో ఉన్నట్టు మొహం లేని మనుషులు కాదు.

నా ప్రతిపాదన చెప్తాను. రైఫిల్ తీసేద్దాం. దాని చోట స్టేషన్ పుస్తకం పేజీ బొమ్మ పెడదాం, 26 తుపాకులు తీసుకున్నాం అని రాసి, కింద సంతకం. వెనకున్న నలుగురికి పేర్లు పెడదాం. గాం గంటందొర, గాం మల్లుదొర, కంకిపాటి ఎండు పడాలు, గోకిరి ఎర్రేసు. మల్లుదొర దొరికిపోయి, ఉరిశిక్ష పడి, అది యావజ్జీవంగా మారి, అండమాన్ జైలు చూసి తిరిగొచ్చాడు. 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి గెలిచాడు. తుపాకి పట్టినవాడు పార్లమెంటులో కూర్చున్న బొమ్మ మన దగ్గరుంటే, అది వదిలేసి భుజాన త్రీ నాట్ త్రీ ఎందుకు అంటాను. తెలియకనే, మరేం కాదు. నాకూ ఈ సంవత్సరం దాకా తెలియదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ కథ ఆగలేదని మీకు తెలుసు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండు అన్నదమ్ముల మీద కాల్పులు జరిపింది మన ప్రభుత్వ పోలీసులే. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. ఊళ్ళు చెప్పే లెక్క ఎక్కువ. ఫ్లెక్సీ చూసే ఇంద్రవెల్లి వాళ్ళకి తుపాకి బొమ్మ ఎటువైపు నుంచి కనపడుతుందో కూడా ఆలోచించండి.

ఇక "చేపల చెరువుల కాడోడివి" అన్న అన్నకి. నిజమే అన్నా. మాది యానాదుల ఇల్లు. మన్యంలో పితూరీలు చేసిన చరిత్ర మాకు లేదు. మా తాత వరిచేలల్లో ఎలుకల బుట్టలు పెట్టి బతికాడు, తర్వాత చేలన్నీ చెరువులయ్యాక కాపలా పనికి వెళ్ళాడు. మా నాన్న వలలాగే కూలీ. నేను మా ఇంట్లో ఇంటర్ దాటిన మొదటోణ్ణి. త్రీ నాట్ త్రీతో మాకున్న చుట్టరికం వేరు. ఎక్కడ చేపలు పోయినా, మోటారు పోయినా, ముందు పిలిచేది మా తాతనే. తెల్లారుజామున తీసుకెళ్ళి స్టేషన్ బయట చెట్టు కింద కూర్చోబెట్టేవాళ్ళు. పొద్దుగూకేదాకా ఏమీ అడిగేవాళ్ళు కాదట. గోడకి ఆనించి రైఫిల్ ఉండేది. తాత దానికేసే చూస్తూ కూర్చునేవాడు. ఎరుకల వాళ్ళని నేరస్తుల తెగ అని చట్టంలో రాశారు, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు పెట్టారు, 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. మా పేరు పట్టీలో ఉన్నా లేకపోయినా చూపు ఒక్కటే. చట్టం పోయాక పుట్టిన మా నాన్ననీ ఆ చెట్టు కిందే కూర్చోబెట్టారు. చివరికి దొంగ దొరికాక "వెళ్ళరా" అనేవాళ్ళట. క్షమించమని ఎవరూ అనలేదు.

అందుకని నాకు మన్యం తెలియదంటే ఒప్పుకుంటాను. రైఫిల్ తెలియదంటే ఒప్పుకోను.

జనవరి 26 సాయంత్రం ఇంటికెళ్ళి ఆ ఫొటో ఫోన్లో తాతకి చూపించాను. సంతోషిస్తాడనుకున్నా. తాతకి చూపు సరిగా ఆనదు, ఫోన్ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నీకిచ్చారా?"

"కవాతుకి తాతా. అయిపోగానే తిరిగి ఇచ్చేశాను."

"ఎవరికి?"

"కోత్‌లో. అక్కడ ఒక సారు తీసుకుంటారు."

"తిరిగిచ్చినట్టు పుస్తకంలో రాశారా? నీ సంతకం పెట్టించుకున్నారా?"

పెరేడ్ అయ్యాక అందరం గుంపుగా ఇచ్చేసి బస్సెక్కాం. నాకు గుర్తులేదు. గుర్తులేదని చెప్పాను.

తాత ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. పొద్దున్నే నన్ను లేపి, మొదటి బస్సుకి పంపించాడు. కోత్‌లో పుస్తకం తీయించి చూశాను. నా రైఫిల్ నెంబరు ఎదురుగా తిరిగి జమ అని రాసే ఉంది, సంతకం గడి ఖాళీగా ఉంది. పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాను. దాన్ని ఫొటో తీసుకుని, తాతకి చూపించడానికి మళ్ళీ నందివాడ బస్సెక్కాను.